క్రికెట్ పోటీకి సరే, కుర్రాళ్ల జాబితా మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీని ఆనుకుని ఉన్న ఒక బస్తీలో ఇద్దరు మిత్రులతో కలిసి సాయంత్రం పూట చదువుల గది నడుపుతున్నాను. ఇంటర్, ఐటీఐ, డిగ్రీ పిల్లలు వస్తారు. కొన్ని నెలల కిందట మా బస్తీలో పోలీసులు కార్డన్ సెర్చ్ (దారులు మూసి చేసే ఇంటింటి తనిఖీ) జరిపారు. కాగితాలు లేవని కొన్ని బండ్లు తీసుకెళ్లారు. మా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి ‘మా అన్న బండి ఎందుకు తీసుకెళ్తున్నారు’ అని అడిగినందుకు చెంపమీద కొట్టారు. కాగితాలు చూపించాక బండి ఇచ్చేశారు కానీ, అప్పటి నుంచి పోలీసు బండి కనిపిస్తే చాలు పిల్లలు సందుల్లోకి జారుకుంటున్నారు. ఈ మధ్య కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు మర్యాదస్తులు. యువతకు దగ్గర కావడానికి క్రికెట్ పోటీ, గంజాయి మీద అవగాహన సదస్సు పెడదామన్నారు. అయితే ముందుగా మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు, ఆధార్ నకళ్లతో జాబితా అడిగారు. వాళ్లను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, బస్తీలో గంజాయి అమ్మేవాళ్ల సంగతి తెలిస్తే అందులో చెప్పమంటారట. దెబ్బ తిన్న అబ్బాయి తల్లి ‘మా వాణ్ణి పంపేది లేదు’ అంటోంది. జాబితా ఇవ్వాలా? పోటీకి ఒప్పుకోవాలా? ఆ తల్లికి నచ్చజెప్పాలా?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: పోటీకి ఒప్పుకోండి. జాబితా ఇవ్వకండి. పోటీ కంటే ముందు మీ చదువుల గదిలోనే ఒకసారి కూర్చుందామని, అప్పుడు కార్డన్ సెర్చ్ రాత్రి సంగతే మొదట మాట్లాడుకుందామని ఇన్‌స్పెక్టర్ గారిని అడగండి. అన్నిటికంటే కష్టమైనది ఈ చివరిదే. అది జరగకపోతే మిగతావన్నీ ఫొటోలకే పనికొస్తాయి. మీ మూడో ప్రశ్నకు చివర్లో వస్తాను.

మీ పిల్లల భయాన్ని ఇన్‌స్పెక్టర్ గారు అపోహగా భావిస్తూ ఉండవచ్చు. అపోహ అయితే నాలుగు మంచి మాటలతో, ఒక ఆటతో పోతుంది. కానీ ఈ భయం వాళ్లకు ఎవరో చెబితే వచ్చింది కాదు. రాత్రి పూటో తెల్లవారుజామునో బస్తీ దారులన్నీ మూసేసి, వందలాది మంది పోలీసులు ఇంటింటికీ వచ్చి గుర్తింపు కార్డులు, బండి కాగితాలు అడుగుతారు. మర్నాడు పత్రికల జిల్లా పేజీలో వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ల ఫొటో పడుతుంది. తెలంగాణ జిల్లాల్లో ఈ తనిఖీలనే కమ్యూనిటీ కాంటాక్ట్ కార్యక్రమం అని కూడా ప్రకటిస్తున్నారు కాబట్టి, ‘కమ్యూనిటీ కార్యక్రమం’ అనగానే మీ కుర్రాళ్లకు కప్పు కంటే ముందు ఆ రాత్రే గుర్తుకొస్తే తప్పు పట్టలేం. పాతబస్తీలో 2015లో మిషన్ చబుత్రా పేరుతో, అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేసి పంపేవారు. 2021 అక్టోబరులో గంజాయి తనిఖీల పేరిట దారిన పోయేవాళ్లను ఆపి, ఫోన్లు తీసుకుని వాట్సాప్ సంభాషణలు వెతికిన వీడియోలు బయటికొచ్చి పెద్ద దుమారమే రేగింది. మీ దగ్గర ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలు ఈ వార్తలు వింటూ పెరిగినవాళ్లే.

పోలీసుల వైపు వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. దొంగ బండ్లు, పరారీలో ఉన్నవాళ్లు, వారంట్లు పెండింగులో ఉన్నవాళ్లు ఇలాంటి తనిఖీల్లో దొరుకుతారని వాళ్లంటారు. పోలీసులు వచ్చిపోతే ఆకతాయిల గొడవ తగ్గిందని సంతోషించే ఇళ్లు మీ బస్తీలోనే ఉంటాయి. కానీ తనిఖీ అవసరమా కాదా అన్నది ఒక చర్చ, తనిఖీలో మనిషితో ఎలా ప్రవర్తించారన్నది మరో చర్చ. మీ ఉత్తరంలో ఉన్నది రెండోది. పోలీసుల మీద జనానికి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందని అమెరికాలో టామ్ టైలర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చింది ఏమిటంటే, తమకు అనుకూలంగా జరిగిందా లేదా అన్నదాని కంటే, తమ మాట విన్నారా, మర్యాదగా మాట్లాడారా, అందరినీ ఒకేలా చూశారా అన్నదాన్నే మనుషులు ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారని. షికాగో పోలీసు వ్యవస్థను దీర్ఘకాలం అధ్యయనం చేసిన వెస్లీ స్కోగన్ 2006లో ఇంకో లెక్క బయటపెట్టాడు. పోలీసులతో ఒక చేదు అనుభవం కలిగించే ప్రభావం, మంచి అనుభవం కలిగించేదాని కంటే నాలుగు నుంచి పద్నాలుగు రెట్లు ఎక్కువట. ఊరు వేరు, దేశం వేరు అనవచ్చు. అయినా ఒక చెంపదెబ్బను ఒక క్రికెట్ పోటీ చెరిపేస్తుందని నమ్మడానికి మన దగ్గర మాత్రం ఏ ఆధారముంది?

ఇక జాబితా విషయం. ఇన్‌స్పెక్టర్ గారి ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఆయన రేపు బదిలీ అవుతారు, జాబితా మాత్రం ఠాణాలో ఉండిపోతుంది. బస్తీలో ఏదైనా గొడవ జరిగిన రాత్రి, ఫొటోలతో నంబర్లతో సిద్ధంగా ఉన్న ఆ కాగితం మీద కొత్తగా వచ్చిన అధికారి చెయ్యి పడదని ఎవరు హామీ ఇస్తారు? ఏ నేరమూ చేయని పిల్లలు, చదువుకోవడానికి వచ్చిన పాపానికి పోలీసు రికార్డులోకి ఎక్కకూడదు. కానిస్టేబుల్ ఉద్యోగానికి గానీ పాస్‌పోర్టుకు గానీ దరఖాస్తు పెట్టిన కుర్రాడికి పోలీసు వెరిఫికేషన్ అంటే ఎంత గుబులో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వాట్సాప్ గ్రూపు ఇంకా ప్రమాదం. గంజాయి అమ్మేవాడు కూడా అదే సందులో ఉంటాడు. వాణ్ణి పట్టుకున్న మర్నాడు, నిజంగా చెప్పిన పిల్లాడి మీదే కాదు, ఆ గ్రూపులో ఉన్న ప్రతి పిల్లాడి మీదా అనుమానం పడుతుంది. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడి ఎంతమంది ప్రాణాలు పోయాయో తెలంగాణ పల్లెలు చూశాయి. మాదకద్రవ్యాల గురించి సమాచారం ఇవ్వదలచిన పెద్దలకు, తమ పేరు బయటపడకుండా సంబంధిత విభాగానికి నేరుగా చెప్పే దారులున్నాయి. ఆ భారం చదువుకునే పిల్లల మీద పెట్టవద్దని ఇన్‌స్పెక్టర్ గారికి మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పండి.

యువకులను పోలీసు పనిలోకే దింపితే ఏమవుతుందో తమిళనాడు చూసింది. అక్కడి రామనాథపురంలో 1993లో అప్పటి ఎస్పీ ప్రతీప్ ఫిలిప్ ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. ప్రజలకు, పోలీసులకు మధ్య వారధిగా ఉండాలన్న ఆ ఆలోచనకు మంచి పేరే వచ్చింది. కాలక్రమంలో ఆ వలంటీర్లు గస్తీకి, వాహన తనిఖీలకు, బందోబస్తుకు వెళ్లడం మొదలైంది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో జయరాజ్, బెన్నిక్స్ అనే తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో హింసకు గురై చనిపోయినప్పుడు ఈ వలంటీర్ల మీద కూడా ఆరోపణలు వచ్చాయి. మరుసటి నెలలోనే తమిళనాడు ప్రభుత్వం ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్‌ను నిషేధించింది. అధికారం లేని స్నేహంగా మొదలైనది, బాధ్యత లేని అధికారంగా మారితే ఆ గతే పడుతుంది. కాబట్టి మీ కుర్రాళ్లకు పోలీసు టీ షర్టులు, లాఠీలు, గస్తీ డ్యూటీలు ఇస్తామంటే, వాళ్లు ఎంత ముచ్చటపడినా సరే, వద్దనండి. ముచ్చటపడతారు కూడా, ఆ వయసే అంత.

మరి జాబితా బదులు ఏమివ్వాలి? ఎన్ని జట్లు వస్తాయో చెప్పండి, అన్నిటికీ కలిపి మీ పేరు, మీ ఫోన్ నంబరు ఇవ్వండి. మైదానం అనుమతికి పేర్లు తప్పనిసరి అంటే ఆట రోజున ఆడేవాళ్ల పేర్లతో ఒక కాగితం చాలు. ఆధార్ నకలుతో ఆటకు ఏం పని?

ఇప్పుడు ఆ సమావేశం సంగతి. ఇది ఠాణాలో వద్దు, ఫంక్షన్ హాల్లో వేదిక వేసి అసలే వద్దు. మీ గదిలోనే పెట్టండి. పోలీసులను మఫ్టీలో రమ్మని అడగండి. అది మర్యాద కోసం చేసే కోరిక మాత్రమే అనుకోకండి. 18 ఏళ్లలోపు పిల్లలతో వ్యవహరించే పోలీసు అధికారి వీలైనంత వరకు యూనిఫాంలో ఉండకూడదని బాలల న్యాయ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాలే చెబుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ గారు ఒక్కరే వస్తే లాభం లేదు. మీ పిల్లలకు రోజూ ఎదురయ్యేది ఆయన కాదు, బ్లూకోల్ట్స్ బండి మీద తిరిగే కానిస్టేబుళ్లు, నాకాబందీలో నిలబడే హోంగార్డులు. వాళ్లలో కనీసం ఇద్దరు ముగ్గురు వచ్చి, పిల్లల మధ్య చాప మీద కూర్చోవాలి. ఫొటోలు, వీడియోలు వద్దని ముందే మాట తీసుకోండి. మర్నాడు తన మొహం పోలీసుల సోషల్ మీడియా పేజీలో చూసుకున్న పిల్లాడు రెండోసారి రాడు.

నోరు తెరిచి అడగడానికి మొదటిరోజు ఎవరూ సాహసించరు. ప్రశ్నలు చీటీల మీద రాయించి, పేర్లు లేకుండా డబ్బాలో వేయించండి, చదివేది మీరే. ఎలాంటి ప్రశ్నలు వస్తాయో ఊహించడం కష్టమేమీ కాదు. హోటల్లో పని ముగించుకుని రాత్రి పన్నెండింటికి వస్తుంటే ఎందుకు ఆపుతారు? ఏ కేసూ లేకుండా ఫోన్ తెరిచి చూపించమనే అధికారం ఏ చట్టంలో ఉంది? బండి తీసుకెళ్తే రసీదు ఎవరివ్వాలి? ఆర్సీ ఫోన్‌లో చూపిస్తే ఎందుకు ఒప్పుకోరు? ఈ ఆఖరిదానికి జవాబు తేలికే. డిజిలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఉన్న లైసెన్సు, ఆర్సీ చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఒక సెలవు రోజు ఇద్దరు కానిస్టేబుళ్లు మీ గదికి వచ్చి, బండి ఉన్న ప్రతి కుర్రాడి ఫోన్‌లో కాగితాలు ఎక్కించి, తనిఖీలో ఏ తెర చూపించాలో నేర్పితే, వచ్చే కార్డన్ సెర్చ్‌లో సగం గొడవ అక్కడే తీరుతుంది. నన్నడిగితే ఇలాంటి చిన్న పని పది అవగాహన సదస్సులకు సమానం.

జవాబు చెప్పలేని ప్రశ్నలను ఒక రిజిస్టరులో రాసి, తారీఖు వేసి, వచ్చే నెల ఆ పేజీతోనే సమావేశం మొదలుపెట్టండి. అడిగిన ప్రశ్న ఎటూ పోలేదని తెలిస్తేనే పిల్లలు మళ్లీ అడుగుతారు. పోలీసులనూ మాట్లాడనివ్వండి. బోనాలు, మొహర్రం, గణేశ్ నిమజ్జనం బందోబస్తులో ఇంటి మొహం చూడకుండా ఎన్ని గంటలు నిలబడతారో కానిస్టేబుల్ నోటితోనే వినడం మీ కుర్రాళ్లకు మంచిదే. అయితే ఆ కష్టం చెంపదెబ్బకు సంజాయిషీగా మారబోతే మధ్యలో ఆపాల్సింది మీరే.

ఆ దెబ్బ విషయంలో ఇన్‌స్పెక్టర్ గారి నుంచి ఏం ఆశించాలి? తన హయాంలో జరగనిదానికి ఆయన క్షమాపణ చెప్పకపోవచ్చు. చెబితే గొప్ప సంగతే. కనీసం ‘అలా జరగకూడదు, ఇకముందు జరిగితే ఫలానా నంబరుకు నాకు నేరుగా చెప్పండి’ అని పిల్లల ఎదుట అనాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ సమావేశం రాజీ పంచాయతీ కాకూడదు. ఏసీపీకి గానీ, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు గానీ ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పూర్తిగా ఆ కుటుంబం ఇష్టం. ‘మనవాళ్లమే అయ్యాం కదా, ఇంకా ఫిర్యాదెందుకు’ అని ఎవరూ, మీరు కూడా, వాళ్లతో అనకండి.

మీ పిల్లల్లో 18 నిండనివాళ్లు ఉంటారు కాబట్టి చట్టం మాట ఇంకాస్త చెప్పాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి ఠాణాలో ఏఎస్సై హోదాకు తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. పిల్లలను లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసినదో అయితే తప్ప ఎఫ్ఐఆర్ కూడా వద్దని, జనరల్ డైరీలో రాసి పిల్లవాడి సామాజిక నేపథ్య నివేదిక తయారుచేయాలని నమూనా నియమాలు అంటాయి. సాక్షిగా విచారించడానికి కూడా 15 ఏళ్లలోపు అబ్బాయిలను, ఏ వయసు స్త్రీలనైనా, ఇంటి దగ్గరికి వచ్చి విచారించాలే గానీ ఠాణాకు రమ్మని ఒత్తిడి చేయకూడదు. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి, కింద మీ ఠాణా బాలల సంక్షేమ అధికారి పేరు, నంబరు ఇమ్మని ఇన్‌స్పెక్టర్ గారినే అడిగి గోడకు అంటించండి. ఆ అధికారి ఎవరో వెంటనే చెప్పలేకపోతే, మీ కార్యక్రమం ఎక్కడి నుంచి మొదలు కావాలో ఆయనకే అర్థమవుతుంది.

గంజాయి సదస్సు గురించి రెండు మాటలు. పోలీసు అధికారి బడికి వెళ్లి మత్తు వద్దని పాఠం చెప్పే పద్ధతిని అమెరికాలో డేర్ పేరుతో 1983లో లాస్ ఏంజిలిస్‌లో మొదలుపెట్టి దేశమంతా నడిపారు. తర్వాత చేసిన అధ్యయనాలు పదేపదే చెప్పిందేమంటే, పిల్లల మత్తు వాడకం మీద దాని ప్రభావం నిలవలేదని. కాబట్టి భయపెట్టే ఉపన్యాసం బదులు ఒక డాక్టరును పిలవండి, పక్కన ఒక అధికారి ఉండి చట్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. స్నేహితుడు ఇచ్చిన పొట్లం జేబులో పెట్టుకుని తీసుకెళ్తే అది ‘తన వద్ద ఉన్నట్టే’ లెక్క అని, కిలో లోపు చిన్న మోతాదైనా ఏడాది వరకు శిక్ష పడవచ్చని చాలామంది కుర్రాళ్లకు తెలియదు. అలాగే, అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాల మీద ఉన్న అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉందని కూడా తెలియదు. మొదటిది మాత్రమే చెప్పి రెండోది దాచే సదస్సు భయాన్నే పెంచుతుంది.

ఆట మంచిదే కానీ ఒక్క ఆదివారంతో అయిపోతుంది. కేరళలో 2010లో 127 పాఠశాలల్లో మొదలైన, బడిపిల్లలకు పోలీసులు శిక్షణనిచ్చే స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం నిలబడిందంటే, అవే ముఖాలు వారం వారం పిల్లలకు కనిపించడం ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. అదే పథకాన్ని 2018లో దేశవ్యాప్తం చేసినప్పుడు పాఠ్యపుస్తకం, పరీక్ష లేకుండా 8, 9 తరగతులకు నెలకు ఒక తరగతి అన్నారు. అయితే ఇందులోకి వచ్చేది ఎక్కువగా ముందే క్రమశిక్షణ ఉన్న పిల్లలు. అరుగు మీద కూర్చునేవాడికి, బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడికి అందులో చోటుండదు. మీ గదికి వాళ్లు వస్తున్నారంటే, ఏ పథకానికీ దొరకని అవకాశం మీకు దొరికినట్టే.

వాళ్లను రోజూ రప్పించగల పని ఒకటుంది. పోలీసు నియామకాల వేళ తెలంగాణలో అనేకచోట్ల పోలీసులే ఉచిత శిక్షణ ఇస్తున్నారు. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. తెల్లవారుజామున మైదానంలో స్టాప్‌వాచ్ పట్టుకుని, ఊపిరి ఎలా పీల్చాలో, ఆఖరి చుట్టులో ఎక్కడ వేగం పెంచాలో చెప్పే కానిస్టేబుల్‌తో నెలల తరబడి కలిగే పరిచయం, బహుమతి ప్రదానం రోజు కరచాలనంతో రాదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, ఆ కానిస్టేబుల్ నాకాబందీలో ఆపినప్పుడు ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉంటుంది.

మీ ఉత్తరంలో అమ్మాయిల ప్రస్తావనే లేదు. మీ గదికి వాళ్లు వస్తుంటే క్రికెట్ పోటీతో వాళ్లకు ఒరిగేది తక్కువ. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ గురించి వాళ్లు వినే ఉంటారు. కానీ ఫిర్యాదు చేస్తే సంగతి ఇంట్లో తెలిసి చదువు మాన్పిస్తారేమోనన్నది వాళ్ల అసలు భయం. మహిళా అధికారితో వాళ్లకు విడిగా ఒక సమావేశం ఏర్పాటు చేయండి.

అనుకున్నవన్నీ ఒక పేజీలో రాసి, ఇన్‌స్పెక్టర్ గారి సంతకంతో పాటు ఏసీపీ కార్యాలయానికి ఒక ప్రతి పంపి రసీదు ముద్ర వేయించుకోండి. బదిలీ తర్వాత వచ్చే అధికారికి చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఆ తల్లికి నచ్చజెప్పకండి. కొడుకును కొట్టినచోటికి ఆమె వెంటనే పంపకపోవడం సహజం, దాన్ని సరిదిద్దాల్సిన పని మీది కాదు. ఇంటికి వెళ్లి, సమావేశం ఎప్పుడో, ఆ రాత్రి సంగతి అక్కడ ప్రస్తావనకు వస్తుందని, అబ్బాయి పేరు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టమని చెప్పండి. కావాలంటే ఆమెనే వచ్చి వెనక కూర్చోమనండి. ఆటకు వచ్చినా రాకపోయినా ఆ అబ్బాయికి మీ గదిలో చోటు, పుస్తకాలు మునుపటిలాగే ఉంటాయని మిగతా పిల్లల ఎదుట కూడా అనండి. రిజిస్టరులో మొదటి పేజీలో రాసిన ప్రశ్నకు పోలీసులు ఏం జవాబు చెప్పారో, రెండో సమావేశం అయ్యాక ఆమెకు వెళ్లి చెప్పండి. ఆ తర్వాత పంపాలా వద్దా అన్నది ఆమే తేల్చుకుంటుంది.